అర అంగుళం ఒరుగుదల

(హైదరాబాద్ బాలానగర్‌లో ఒక వర్క్‌షాపు ఆవరణలో, ఆదివారం పొద్దున ఆఫ్‌రోడ్ బండ్లు నడిపేవాళ్ల ముందు ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలనివాళ్లు ఆ టైర్ల మీద కూర్చోండి. ఎండ ముదరకముందే ముగిస్తాను, ఎందుకంటే చివర్లో బయట ఉన్న బండ్లలో ఒకదాన్ని అందరం కలిసి కొలవాలి. నా మాటలు మర్చిపోయినా ఆ కొలత మీకు గుర్తుండిపోతుంది.

తమ్ముళ్లు వచ్చి "అన్నా, సస్పెన్షన్ మీద మాట్లాడాలి" అన్నారు. సస్పెన్షన్, అంటే చక్రాలకీ బండికీ నడుమ ఉండే స్ప్రింగులు, షాకప్‌లు, వాటిని పట్టుకునే సామాను, ఒక పొద్దున్నే తెమిలేది కాదు. అందులోంచి ఒక్క ముక్క తీసుకుంటాను. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఒక పక్కకి కొంచెం ఒరిగి ఉండటం. పది పదిహేను మిల్లీమీటర్లు. మన భాషలో అర అంగుళం.

ఇంత చిన్నదాని మీద ఇంతసేపు ఎందుకంటారా? నా చేతి పని మొదలైంది బస్సు డిపోలో, కమాన్ల సెక్షన్‌లో, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల దగ్గర. తర్వాత సొంత షెడ్డు పెట్టాను. ఇన్నేళ్లలో ఈ అర అంగుళం దగ్గర జనం రెండు రకాలుగా నష్టపోవడం చూశాను. ఒకాయన ఏ దోషం లేని బండికి నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకప్‌లు మార్పించి, ఆ వాలు అలాగే ఉండేసరికి నా దగ్గరికి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంకొకాయన "ఏం కాదులే, నడుస్తది" అని విరిగిన కమాన్ పట్టీతో అనంతగిరి గుట్టలు దిగి వచ్చాడు. బండిలో పిల్లలు ఉన్నారు. ఆ పట్టీ చూశాక ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఇద్దరి బండ్లూ ఒరిగింది దాదాపు ఒకే అంత. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. అందుకే నేను కంటి మాట నమ్మను, టేపు మాట నమ్ముతాను.

మొదట ఫోన్లో ఫోటోల సంగతి. "అన్నా చూడు, నా థార్ ఎడమ పక్కకి ఎలా వంగిందో" అని ఫోటో పెడతారు. ఆ ఫోటో రోడ్డు అంచున ఆపి తీసింది. వాన నీళ్లు పోవడానికి మన రోడ్లకి నడుమ నుంచి అంచుకి వాలు పెడతారు. తారు రోడ్డుకి 2 శాతం అనుకోండి. చక్రాల మధ్య దూరం మీటరున్నర అయితే 2 శాతానికి 30 మిల్లీమీటర్లు. అంటే బండిలో ఏ లోపం లేకపోయినా ఎడమ చక్రం కుడి చక్రం కంటే అంగుళం పైనే కిందుంటుంది. బరువు కూడా కొంత ఎడమకి జారుతుంది కాబట్టి ఆ పక్క స్ప్రింగు ఇంకాస్త నలుగుతుంది. మీరు ఫోటో తీసింది రోడ్డు వాలుని.

అపార్ట్‌మెంట్ సెల్లారూ అంతే. కడిగిన నీళ్లు మూలకి పోవాలని మేస్త్రీ వాలు పెట్టే పోస్తాడు. మీ పార్కింగ్ సమంగా ఉందా లేదా తెలియాలంటే మేస్త్రీలు చేసినట్టే చేయండి. సన్నని పారదర్శకం పైపులో నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేలా చూసి, రెండు కొసలూ రెండు చక్రాల దగ్గర పట్టుకోండి. నీటి మట్టం అబద్ధం చెప్పదు. అది కుదరకపోతే ఇంకో దారి ఉంది. ఒకసారి కొలిచి, బండిని అదే చోట ఎదురు దిక్కుకి తిప్పి పెట్టి మళ్లీ కొలవండి. రెండు కొలతల సగటు తీస్తే నేల వాలు దాదాపు కొట్టుకుపోతుంది. ఒరుగుదల బండితో పాటు తిరిగితే బండిది. నేలతో పాటు ఉండిపోతే నేలది.

ఇప్పుడు కొలవడం. తొందరపడకుండా వినండి, నా పనిలో సగం ఇదే. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి, కుడి ఎడమలు సమానంగా ఉండాలి. టైర్లు ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవేనా చూడండి. స్టెప్నీ తీసి ఒక పక్క వేసి మర్చిపోయినవాళ్లు ఉన్నారు. బండిలోంచి వదులు సామాన్లన్నీ దించేయండి. స్టీరింగు తిన్నగా పెట్టండి. బండిని ఐదు మీటర్లు ముందుకి, ఐదు మీటర్లు వెనక్కి నెమ్మదిగా నడిపి, బ్రేకు గట్టిగా తొక్కకుండా ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేయకండి, చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ పట్టి ఉంటే వెనక సస్పెన్షన్ కుదురుగా కూర్చోదు. తర్వాత ముందు ఒకసారి, వెనక ఒకసారి బంపర్ మీద బరువేసి ఊపి వదలండి.

టేపు ఎక్కడ పెట్టాలి? చాలామంది నేల నుంచి ఫెండర్ దాకా, అంటే చక్రం పైన ఉండే రేకు దాకా కొలుస్తారు. అందులో టైరు, గాలి, నేల అన్నీ కలిసిపోతాయి. చక్రం నడిమధ్య నుంచి, అంటే హబ్ మధ్య నుంచి, నిట్టనిలువుగా ఫెండర్ అంచు దాకా కొలవండి. అప్పుడు స్ప్రింగు ఎంత నలిగిందో తెలుస్తుంది. నాలుగు మూలలూ మూడేసిసార్లు కొలిచి రాయండి. కొలిచిన ప్రతిసారీ బండిని మళ్లీ ఊపండి. మూడు కొలతలూ ఒకదానికొకటి ఐదు మిల్లీమీటర్లు తేడా వస్తున్నాయంటే ఎక్కడో ఏదో పట్టేస్తోందని అర్థం. ఆ విషయానికి తర్వాత వస్తాను.

ఇంకో కొలత కూడా ఉంది, దాన్ని ఎవరూ తీసుకోరు. ఫెండర్ అనేది బాడీకి బిగించిన రేకు. మన బండ్లలో బాడీ వేరు, దాన్ని కింద మోసే ఉక్కు చట్రం, ఛాసిస్, వేరు. నడుమ రబ్బరు మౌంట్లు ఉంటాయి. ఒక పక్క మౌంట్లు నలిగిపోయినా, దాని కింద ఛాసిస్ బ్రాకెట్ తుప్పు పట్టినా ఛాసిస్ సమంగా ఉండి బాడీ మాత్రమే ఒరుగుతుంది. స్ప్రింగులు మారిస్తే ఏం లాభం? అందుకని ఛాసిస్ పట్టీ కింది అంచు నుంచి నేల దాకా కూడా కుడి ఎడమలు కొలవండి. ఫెండర్ దగ్గర 12 తేడా వచ్చి, ఛాసిస్ దగ్గర 2 వస్తే మీ జబ్బు సస్పెన్షన్‌లో లేదు.

ఇక బరువు. కావడి మోసేవాణ్ణి చూశారా? ఒక కుండలో నీళ్లు ఎక్కువైతే బద్ద ఆ పక్కకి దిగుతుంది. బండీ అంతే. డ్రైవరు ఒక పక్క, బ్యాటరీ ఒక పక్క, డీజిల్ ట్యాంకు ఒక పక్క. చిన్న లెక్క వేద్దాం, అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. డ్రైవరు 75 కిలోలు, బండి నడిమధ్య గీత నుంచి 35 సెంటీమీటర్లు కుడికి కూర్చుంటాడు. కుడి ఎడమ స్ప్రింగుల మధ్య దూరం మీటరు. అంటే అతని బరువులో సగం సగం కంటే కుడి స్ప్రింగుల మీద సుమారు 26 కిలోలు ఎక్కువ, ఎడమ స్ప్రింగుల మీద అంతే తక్కువ పడుతుంది. ముందూ వెనకా పంచుకుంటే తలా 13. స్ప్రింగు మిల్లీమీటరుకి 3 కిలోల చొప్పున నలుగుతుందనుకుంటే, సమంగా దిగాల్సిన దానికంటే కుడి 4 ఎక్కువ, ఎడమ 4 తక్కువ దిగుతుంది. స్ప్రింగుల దగ్గర 8, 9 మిల్లీమీటర్ల తేడా. ఫెండర్లు స్ప్రింగుల కంటే ఎంతో బయటికి ఉంటాయి కాబట్టి అక్కడ అది 14 దాకా కనిపిస్తుంది. యాంటీ రోల్ బార్, అంటే కుడి ఎడమ చక్రాల్ని కలిపి ఒరగకుండా పట్టే కడ్డీ, ఉంటే కొంత తగ్గుతుంది. చూశారా, డ్రైవరు సీట్లో కూర్చుంటేనే అర అంగుళం. దాన్ని లోపం అనగలమా?

మూడు డోర్ల థార్ ట్యాంకులో 57 లీటర్లు పడుతుంది. డీజిల్ అయితే 47 కిలోలు. ట్యాంకు నిండుగా ఉన్న రోజు కొలతకీ, రిజర్వులో ఉన్న రోజు కొలతకీ తేడా రాకుండా ఎలా ఉంటుంది? నేను సగం ట్యాంకుతో కొలుస్తాను, ఆ సంగతి కొలత పక్కనే రాస్తాను. మీరు పెట్టించుకున్నవి కూడా గుర్తు చేసుకోండి. వెనక తలుపుకి ఒక పక్కన వేలాడే జెర్రీ క్యాన్, రెండో బ్యాటరీ, టూల్ బాక్స్. చాలా బండ్లలో టూల్ బాక్స్‌నీ, గొలుసుల సంచినీ కుడి నుంచి ఎడమకి మార్చి నేను పంపించేశాను. పైసా తీసుకోలేదు.

బరువూ కాదు, నేలా కాదు, ఛాసిస్ దగ్గర కూడా తేడా ఉంది. ఇప్పుడు వెతకడం మొదలు. నులక మంచం గుర్తు చేసుకోండి. ఒక కోడు కింద ఇటుక ముక్క పెడితే ఏమవుతుంది? ఆ కోడు ఒక్కటే లేవదు. మంచం ఎదురు మూల మీదకి బరువు పోతుంది. బండిలో ముందు ఎడమ మూలన కింద పడినట్టు కనిపిస్తే, తప్పు వెనక ఎడమ స్ప్రింగుదీ కావచ్చు. ఛాసిస్ గట్టిది, ముందుని వెనక లాగేస్తుంది.

అది తేల్చడానికి పాత పద్ధతి ఒకటుంది. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టండి. వెనక ఛాసిస్ అడ్డపట్టీకి సరిగ్గా నడిమధ్యలో జాకీ పెట్టి, వెనక చక్రాలు నేలని వదిలీ వదలనంత వరకు ఎత్తండి. ఇప్పుడు వెనక స్ప్రింగులకి మాట లేదు. బండి మూడు కాళ్ల పీటలా నిలబడింది. ముందు రెండు మూలలూ కొలవండి. ముందు సమం అయిపోయిందంటే తప్పు వెనకది. ఇంకా ఒరిగే ఉంటే ముందుది. తర్వాత ముందు ఎత్తి వెనక కొలవండి. ఈ పని చేసేటప్పుడు బండి కింద ఎవరూ దూరకూడదు. జాకీ మీద బండి ఉంటే అది గాలిలో ఉన్నట్టే లెక్క. కింద పని ఉంటే స్టాండ్లు పెట్టాకే.

ముందు అని తేలిందా, వెనక అని తేలిందా, ఆ జత స్ప్రింగుల్ని కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చండి. ఒరుగుదల కూడా పక్క మారితే స్ప్రింగు చచ్చింది. అక్కడే ఉండిపోతే స్ప్రింగుకి సంబంధం లేదు. కొత్త స్ప్రింగు కొనేముందు ఈ ఒక్క పని చేయండి. ఖర్చు లేబరు మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని బండ్లకి కంపెనీయే కుడికీ ఎడమకీ వేర్వేరు స్ప్రింగులు ఇస్తుంది, డ్రైవరు బరువు, ట్యాంకు బరువు లెక్కేసుకుని. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్లలోనూ అలా వస్తాయి. అమెరికాలో డ్రైవరు ఎడమన కూర్చుంటాడు. అక్కడి కిట్ పేపర్లో ఎత్తు స్ప్రింగు ఎడమకి వేయమని ఉంటే, మన దగ్గర డ్రైవరు కుడిన ఉన్నాడు. గుడ్డిగా వేస్తే ఉన్న వాలుకి ఇంకో వాలు చేరుతుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చినదైతే మనలాగే కుడి స్టీరింగు. స్ప్రింగు మీది నంబరు చదివి, అది ఏ పక్కకి తయారైందో తెలుసుకున్నాకే ఎక్కించండి.

షాకప్‌ల మాట ఇక్కడే చెప్పేస్తాను. బండి బరువు మోసేది స్ప్రింగు. షాకప్ ఊపు ఆపుతుంది. గ్యాస్ షాకప్‌లో కాస్త తోపు ఉంటుంది కానీ టన్నున్నర బండిని నిలబెట్టేంత ఉండదు. వాలు పోవడానికని షాకప్‌లు మార్చకండి. వంగిన షాకప్ పట్టేస్తుంటే అది వేరే సంగతి.

కమాన్ల దగ్గరికి వద్దాం. ఇది నా ఇల్లు. మారుతి జిప్సీకి ముందూ వెనకా నాలుగూ కమాన్లే. పాత మహీంద్రా ఎంఎం 540, 550 జీపులకీ అంతే. 2010లో వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈకి వెనక కమాన్లు, ముందు టార్షన్ బార్, అంటే మెలి తిరిగి స్ప్రింగు పని చేసే కడ్డీ. కమాన్ కట్టలో ప్రతి పట్టీనీ వైర్ బ్రష్‌తో రుద్ది, టార్చి లైటు పెట్టి చూడండి. పట్టీల మధ్య తుప్పు పేరుకుంటే ఒకదాని మీద ఒకటి జారవు, పట్టేస్తాయి. మూడు కొలతలు మూడు రకాలుగా వస్తాయని ఇందాక అన్నానే, దాని కారణం తరచుగా ఇదే. కమాన్ కొసని ఛాసిస్‌కి కలిపే షాకిల్ తిరగకుండా తుప్పుతో బిగుసుకుపోయినా అంతే. కట్ట విప్పి, శుభ్రం చేసి, గ్రాఫైట్ గ్రీజు పెట్టి, కొత్త రబ్బరు బుష్‌లతో ఎక్కిస్తే కొన్ని బండ్లు అక్కడితోనే సమం అయిపోతాయి.

కొన్నేళ్ల కిందట ఒక తమ్ముడు వేలంలో కొన్న పాత ఆర్మీ జిప్సీ తెచ్చాడు. వెనక ఎడమ 20 మిల్లీమీటర్లు దిగి ఉంది. నాకంటే ముందు రెండు షెడ్లు చూశాయి. ఒకచోట ప్యాకింగ్, అంటే ఎత్తు కోసం ఒక దిమ్మ, పెట్టారు, ఇంకోచోట ఒక పట్టీ ఎక్కువ వేశారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ దిగింది. నేను కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు విప్పాను. మెయిన్ పట్టీ నడిమధ్యలో, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర అడ్డంగా చీలి ఉంది. పై ప్లేటు కింద దాక్కుని ఉండటంతో బయటికి ఏమీ కనబడదు. యూ బోల్టులు వదులైతే ఆ బిగింపు మధ్యలో కూడా పట్టీ వంగడం మొదలుపెడుతుంది. రంధ్రం ఉన్నచోట లోహం తక్కువ, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కట్టలో మిగతా పట్టీలు యాక్సిల్ హౌసింగుని పట్టుకుని ఉన్నాయి కాబట్టి ఆ పిల్లవాడు ఇంటికి చేరాడు. అప్పటి నుంచి, కమాన్ బండి ఒరిగిందని ఎవరు వచ్చినా యూ బోల్టులు విప్పకుండా నేను నోరు తెరవను. కొత్త యూ బోల్టులు వేశాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్లీ బిగించుకోవాలి. దయచేసి ఇది వాయిదా వేయకండి.

టేపు ఇంకో పని కూడా చేస్తుంది. కుడి పక్క ముందు హబ్ నుంచి వెనక హబ్ దాకా, ఎడమ పక్క అలాగే కొలవండి. తేడా వస్తే సెంటర్ బోల్టు తెగి హౌసింగు జరిగిందేమో చూడాలి.

టార్షన్ బార్ బండ్లది సులువు. పాత థార్, మన దేశంలో తిరిగిన పాత పజేరో లాంటివి. బార్ వెనక కొసన ఒక సర్దుబాటు బోల్టు ఉంటుంది. బండి ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద పెట్టి, బార్ మీద భారం తగ్గించాకే తిప్పండి. తిప్పేముందు పెయింటుతో గుర్తు పెట్టండి, ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి. నేను దిగిన పక్క మొత్తం ఎత్తను. సగం ఎత్తి, ఎత్తుగా ఉన్న పక్కని సగం దించుతాను. ఎందుకంటే బార్ తిప్పితే స్ప్రింగు గట్టిపడదు, ఎత్తు మాత్రమే మారుతుంది. ఎక్కువ ఎత్తితే చక్రం కిందకి జారే జాగా తగ్గి, పై ఆర్మ్ స్టాపుకి కొట్టుకుంటుంది, యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి.

కాయిల్ బండ్లు, అంటే చుట్ల స్ప్రింగులవి. మారుతి జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి ఇరుసు, కాయిల్ స్ప్రింగులు. 2020లో వచ్చిన థార్‌కి ముందు డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రానికి విడిగా పైనా కిందా ఆర్ములు, వెనక రిజిడ్ యాక్సిల్. మొదట కాయిల్ కొస తన గాడిలో కూర్చుందా లేదా చూడండి. పని చేయించుకున్న తర్వాత మొదలైన వాలు అయితే అదే మొదటి అనుమానం. కొస గాడి దాటి తిరిగి కూర్చుంటే ఆ పక్క బండి లేచి ఉంటుంది, రెండో పక్క పడిపోయిందని మీరు అనుకుంటారు.

ఇక బుష్‌లు. చెబుతున్నాను వినండి, ఇది నా చేతి తప్పు. షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక బండికి చక్రాల్ని ఛాసిస్‌కి కలిపే కంట్రోల్ ఆర్ముల బుష్‌లన్నీ మార్చాను. బండి లిఫ్ట్ మీదే ఉంది, చక్రాలు వేలాడుతున్నాయి. అలాగే బోల్టులన్నీ గట్టిగా బిగించి దించాను. పొద్దున సమంగా వచ్చిన బండి సాయంత్రం 15 మిల్లీమీటర్లు ఒరిగి వెళ్లింది. రెండు రోజులు స్ప్రింగులు విప్పుతూ తొడుగుతూ గడిపాను. అసలు కారణం బుష్ లోపల ఉంది. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి కరుచుకుంటుంది. ఆ తర్వాత ఆర్మ్ కదిలితే రబ్బరు మెలి తిరగాలి. చక్రం వేలాడేటప్పుడు బిగిస్తే, బండి దింపిన క్షణం నుంచీ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. ఒక్కో బుష్ ఒక్కో చిన్న స్ప్రింగు అయి బండిని ఎటో ఒకటు లాగుతుంది. పైగా రబ్బరు తొందరగా చిరుగుతుంది.

మందు చాలా చిన్నది. బండి నేల మీద, తన బరువు మీద తాను నిలబడి ఉండగా బోల్టులు వదులు చేయండి. ఊపండి. ముందుకీ వెనక్కీ జరపండి. అప్పుడు కంపెనీ చెప్పిన టార్క్‌కి, అంటే చెప్పినంత బిగువుకి, బిగించండి. ఆ బండి 15 నుంచి 4కి వచ్చింది. ఒక్క పార్టు మార్చలేదు. ఆ యజమాని దగ్గర తీసుకున్న లేబరు తిరిగి ఇచ్చేశాను. కమాన్ కళ్లలో, షాకిళ్లలో రబ్బరు బుష్‌లకీ ఇదే నియమం. ఈ మధ్య సస్పెన్షన్ పని చేయించుకుని ఉంటే, ప్యాకింగ్ దిమ్మ కొనడానికి రాణిగంజ్ పార్టుల బజారుకి వెళ్లేముందు ఇది చేయించండి.

యాంటీ రోల్ బార్ లింకులు కూడా అలాంటివే. సమంగా ఉన్న నేల మీద ఒక లింకు విప్పితే బోల్టు చేత్తో వచ్చేయాలి, తిరిగి చేత్తో దూరాలి. దూరకపోతే బార్ వంగింది, లేదా లింకుల పొడవు తేడా.

ఇవన్నీ అయ్యాక, ఇంకా 10, 12 మిగిలి, అది కళ్లకి గుచ్చుకుంటుంటే అప్పుడు ప్యాకింగ్. దానికి ముందు కాదు. బాలానగర్‌లో లేత్ మిషన్ల వాళ్లకి కొలత ఇస్తే గట్టి నైలాన్‌లోనో అల్యూమినియంలోనో తీసి ఇస్తారు. రిజిడ్ యాక్సిల్ మీద కాయిల్ ఉంటే 5 మిల్లీమీటర్ల ప్యాకింగ్‌కి స్ప్రింగు దగ్గర 5 లోపే వస్తుంది, మిగతా స్ప్రింగులు కొంత అడ్డుకుంటాయి. డబుల్ విష్‌బోన్‌లో స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది, చక్రం ఆ చివర ఉంటుంది. అక్కడ 5 పెడితే చక్రం దగ్గర రెట్టింపు దాకా రావచ్చు. అందుకే మొదటిసారే 10 పెట్టి తర్వాత ఏడ్చినవాళ్లున్నారు. 5తో మొదలుపెట్టి కొలవండి. కాయిల్ ఓవర్, అంటే షాకప్ చుట్టూ స్ప్రింగు ఉన్న కట్ట, విప్పడం మాత్రం ఇంట్లో చేయకండి. నొక్కి ఉన్న స్ప్రింగు తప్పిందంటే మనిషి చెయ్యి పోతుంది, ముఖం పోతుంది. స్ప్రింగుని నొక్కి పట్టే సరైన కంప్రెసర్ ఉన్నచోటే.

ఎత్తు మారింది కదా, వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. హెడ్‌లైట్ల దిశ చూసుకోండి, ఎదురుగా వచ్చేవాడి కళ్లలో కొట్టకూడదు. కొన్ని బండ్లలో వెనక యాక్సిల్‌కి ఒక చిన్న కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉంటుంది. వెనక ఎంత బరువుందో అది ఎత్తుని బట్టి తెలుసుకుంటుంది. వెనక ఎత్తు మారిస్తే దాన్నీ సర్దాలి.

ఇక అడగండి.

(వెనక వరసలోంచి ఒకరు: అన్నా, కాయిల్ చుట్ల మధ్యలో రబ్బరు బఫర్ ఒక పక్కనే పెడితే సరిపోదా? చాలామంది పెడుతున్నారు.)

వద్దు తమ్ముడూ. బఫర్ పెట్టినచోట ఆ చుట్టు పని చేయడం మానేస్తుంది. మిగతా చుట్లు దాని పని కూడా మోయాలి. ఒక పక్క స్ప్రింగు గట్టిది, ఇంకో పక్క మెత్తది అయిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు సమంగా ఉండి, గుంతలో పడ్డప్పుడు ఒక పక్కకి తోస్తుంది. ప్యాకింగ్ స్ప్రింగు గుణాన్ని మార్చదు, కూర్చునే ఎత్తుని మాత్రమే మారుస్తుంది. గాలి తేడా పెట్టి సమం చేయడం కూడా అలాంటిదే. ఇంకొకటి, గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగుని వేడి చేసి దించుతామని ఎవరైనా అంటే బండి తాళాలు తీసుకుని బయటికి వచ్చేయండి. వేడి తగిలిన ఉక్కు తన పదును పోగొట్టుకుంటుంది.

(ఒక మహిళ: మా జిమ్నీకి లిఫ్ట్ చేయించాక ఒక పక్క చక్రం బయటికి వచ్చినట్టుంది, ఇంకో పక్క లోపలికి పోయింది. అది కూడా ఒరగడమేనా అన్నా?)

మంచి ప్రశ్న అక్కా. అది ఒరగడం కాదు, పక్కకి జరగడం. రిజిడ్ యాక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ అని ఒక అడ్డ కడ్డీ ఉంటుంది. ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస యాక్సిల్‌కి. బండి ఎత్తితే ఆ కడ్డీ కోణం పెరిగి యాక్సిల్‌ని ఒక పక్కకి లాగుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే బండి వంగినట్టే అనిపిస్తుంది. ఫెండర్ అంచు నుంచి దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి, టైరు దాకా ఎంత దూరమో రెండు పక్కలా కొలవండి. తేడా ఉంటే పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్ వేయించాలి, లేదా బ్రాకెట్ మార్చాలి. ప్యాకింగ్ పెడితే మీ సమస్య తీరదు.

(ముందు వరసలోని కుర్రవాడు: ఎంత వరకు వదిలేయొచ్చు? ఒక అంకె చెప్పండి.)

నా లెక్క చెబుతాను, నీ బండికి కంపెనీ మాన్యువల్లో అంకె ఉంటే అదే పెద్దది. మనిషి లేకుండా, సగం ట్యాంకుతో, సమంగా ఉన్న నేల మీద 10 లోపు అయితే నేను ముట్టుకోను. 10 నుంచి 15 అయితే బుష్‌లు, బరువులు చూసి, యజమాని అడిగితే ప్యాకింగ్ పెడతాను. 15 దాటితే కారణం దొరికేదాకా వెతుకుతాను. కానీ ఈ అంకెల కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటి. నిన్నటి దాకా 4 ఉన్నది, గుట్ట దిగి వచ్చాక ఇవాళ 12 అయితే, 12 చిన్నదే అయినా ఆ బండిని నేను కదలనివ్వను. ఏదో విరిగింది, లేదా వంగింది. అది తెలియాలంటే నిన్నటి కొలత నీ దగ్గర ఉండాలి కదా. బండి బాగున్న రోజునే కొలిచి, ఆర్‌సీతో పాటు గ్లోవ్ బాక్స్‌లో పెట్టుకో.

సరే, టైము అయిపోతోంది. ఆ గేటు పక్కన తెల్ల జిప్సీ ఎవరిది? నీదేనా? పొద్దున వచ్చేటప్పుడు వెనక కుడి పక్క దిగినట్టు అనిపించింది, నా కన్ను కాబట్టి నేనూ నమ్మను. సామాన్లు దించు. గాలి గేజీ నా దగ్గర ఉంది. ఇద్దరు పైపు పట్టుకోండి, ఒకరు బకెట్‌లో నీళ్లు తెండి. ముందు నేల చూద్దాం.